నా సర్వో మోటారూ, సింహాచలం సెలూను బోర్డూ

ముందే చెప్పేస్తున్నాను, కాస్త గుండె దిటవు చేసుకుని చదవండి. ఈ కథలో ఒక డైనింగ్ టేబుల్ కుంటిదవుతుంది. ఒక గిన్నెడు ఇడ్లీ పిండి అకాల మరణం పాలవుతుంది. పాతికేళ్లు ప్రాణంలా దాచుకున్న టేకు పలక ఒకటి నా చేతిలో పడుతుంది. చివరికి నా పరువు విశాఖపట్నం వన్ టౌన్ నడివీధిలో అందరూ చూస్తుండగా చెక్కపొట్టులో కలిసిపోతుంది. ఇన్ని అనర్థాలకూ కారణం తుపానూ కాదు, భూకంపమూ కాదు. పిడికిలి కన్నా కాస్త పెద్ద మోటారు ఒకటి, దాన్ని పట్టుకుని తిరిగిన నేనొకణ్ణి.

నాలుగేళ్ల కిందటి మాట. నాకప్పుడు ముప్ఫై నిండాయి. అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు ఇంజినీరుని. ఆ మాట వినగానే మీరు స్పానర్లు, గ్రీజు, చెమట అని ఊహించుకోకండి. మిషన్ ఆగితే దాని తలుపు తెరిచి, లోపల ఎర్ర లైటు వెలుగుతోందా లేదా చూసి, దాన్ని అమ్మిన కంపెనీకి ఫోను చేయడం నా ఉద్యోగం. ఫోను చేయడంలో నాకు చాలా మంచి పేరుండేది. కానీ రోజూ అంత దగ్గర్నుంచి మిషన్లను చూడటం వల్ల, వాటిని తయారుచేసింది నేనేనన్న భావం నాలో మెల్లగా పేరుకుపోయింది. పెళ్లిళ్లలో వడ్డించేవాడికి వంట కూడా తనదే అనిపిస్తుంది చూడండి, అలాగ.

ఒక శనివారం సాయంత్రం బోల్టులు కొనడానికి వన్ టౌన్‌కి వెళ్లాను. కొని బయటికొచ్చేసరికి వాన. పక్కనే ఉన్న చిన్న దుకాణం చూరు కింద దూరాను. అది జలీల్ భాయ్ దుకాణం. ఇళ్లకు, షాపులకు, చేపల పడవలకు చెక్క మీద పేర్లు చెక్కుతాడాయన. అరవైకి దగ్గర పడిన మనిషి. గడ్డం తెల్లగా ఉంటుంది, గొంతు మెత్తగా ఉంటుంది.

"లోపలికొచ్చి కూర్చోండి సాబ్. బోల్టులు తుప్పు పట్టినా పర్లేదు, మీరు పట్టకూడదు" అన్నాడు.

కూర్చున్నాను. గోడల నిండా పేర్లు. ఒక్కో అక్షరం నిండు చెరుకుగడలా ఉంది. ఆయన మాత్రం పని చేయడం లేదు. కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి, నిద్రపోయే పిల్లిని పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నాడు.

"స్కూటర్ మీంచి పడ్డాను. భుజం పట్టేసింది. ఉలి పట్టుకుంటే కాసేపు మాట వింటుంది, తర్వాత నేను నీ చెయ్యి కాదు పో అంటుంది" అని నవ్వాడు.

మూలన కంప్యూటర్ ముందు ఆయన కూతురు షబానా కూర్చుని ఉంది. డిగ్రీ అయిపోయి రెండేళ్లయిందట. తెర మీద అక్షరాలు.

"ఇవన్నీ మా అబ్బా చేతిరాతే అన్నా. పాత బోర్డులన్నీ ఫొటోలు తీసి, అ నుంచి హ దాకా, గుడులూ ఒత్తులతో సహా గీసి పెట్టేశాను. అక్షరాలున్నాయి, చెక్కే చెయ్యే లేదు. ఈ ఏడాది ఆఖరికి షాపు ఖాళీ చేసేద్దామంటున్నారు. ప్లాస్టిక్ బోర్డులాయన ఈ షాపు తను తీసుకోవాలని రోజూ వచ్చి కొలతలు తీసుకుని పోతున్నాడు" అంది. తర్వాత నా చేతిలోని బోల్టులు చూసి, "కంప్యూటర్లో గీసింది గీసినట్టు చెక్కే సి.ఎన్.సి. మిషన్లుంటాయంట కదా?" అని అడిగింది.

అక్కడ నేను "ఉంటాయమ్మా, ఫలానా చోట అమ్ముతారు" అని చెప్పి, వాన తగ్గగానే బస్సెక్కి ఉంటే మీకు ఈ కథ చదివే బాధ తప్పేది. కానీ నేనేమన్నానో తెలుసా?

"కొనడమేటమ్మా! నానే సేసిస్తాను. అదెంత పని!"

తెలుగు భాషలో ఇంతకన్నా ప్రమాదకరమైన వాక్యం ఇంకోటి లేదు. "అదెంత పని" అన్నవాడికి ఆ పని ఎంతో తెలియదని అర్థం.

జలీల్ భాయ్ నన్ను చాలాసేపు చూశాడు. "నిజంగానా సాబ్?" అన్నాడు. ఆ కళ్లలో వెలిగిన వెలుగు చూశాక వెనక్కి తగ్గడానికి నాకు నోరు రాలేదు.

కూర్మన్నపాలెంలో మా అద్దె ఇంటికి చేరి, మా ఆవిడ విజయకు విషయం చెప్పాను. విజయది గుడివాడ వైపు. వాళ్ల నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగానికని ఇక్కడికొచ్చి స్థిరపడినా, ఆవిడ మాటలో కృష్ణా జిల్లా పోలేదు.

"మీరు మిషన్ చేస్తారా? మొన్న మిక్సీ గిన్నె మూత బిగించడానికి పక్కింటావిణ్ని పిలిచారు కదండీ?"

"మిక్సీ వేరు, ఇది వేరు. ఇది సర్వో."

సర్వో అంటే ఏమిటో మీకూ చెప్పాలి, లేకపోతే నా ఘనకార్యం పూర్తిగా అర్థం కాదు. ఇంట్లో సరదాకి ఇలాంటి మిషన్లు చేసుకునేవాళ్లు మామూలుగా స్టెప్పర్ మోటార్లు వాడతారు. ఎన్ని అడుగులు వేయమంటే అన్ని వేస్తాయి. మధ్యలో తడబడితే మాత్రం ఎవరికీ చెప్పవు. సర్వో మోటారు అలా కాదు. దాని వీపు మీద ఎన్‌కోడర్ అని ఒక కన్ను ఉంటుంది. మోటారు ఎంత తిరిగిందో ఆ కన్ను చూసి, డ్రైవ్ అనే పెట్టెకు ఎప్పటికప్పుడు కబురు పంపుతుంది. తక్కువ తిరిగితే డ్రైవ్ ఇంకాస్త తోస్తుంది, ఎక్కువ తిరిగితే వెనక్కి లాగుతుంది. చక్కటి ఏర్పాటు. మూడు సాయంత్రాలు వీడియోలు చూసి, నాలుగో సాయంత్రం నుంచి ఈ విషయం మీద ఇతరులకు ఉపన్యాసాలు ఇవ్వడం మొదలుపెట్టాను.

మొదటి శ్రోత అప్పలరాజు. మా మేనత్త కొడుకు, నాకు బావ. గాజువాకలో వెల్డింగు షాపు ఉంది. మిషన్‌కి కావలసిన ఇనప చట్రం వాడే చేశాడు. పట్టుకొచ్చి మా డైనింగ్ టేబుల్ మీద దించి, చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"బావా, సెక్కే కట్టర్ని మోసే ఈ అడ్డబండి అటూ ఇటూ పరిగెడతాది కదా. ఆ సివరా ఈ సివరా ఆగడానికి ఏటీ పెట్టవేటి? లారీకైనా బ్రేకుంటాది."

"లిమిట్ స్విచ్చులా? అవి స్టెప్పర్ వోళ్లకి బావా. సర్వోకి తనెక్కడున్నాదో తనకే తెలుస్తాది."

"మరి పీకల మీదకొస్తే ఆపడానికో మీట?"

"పీకల మీదకెందుకొస్తాది? డిజైన్ సేసింది నాను."

అప్పలరాజు గోడ వైపు రెండడుగులు జరిగి నిలబడ్డాడంతే. చదువుకోనివాడి జాగ్రత్త చూశారా!

ఆదివారం ఉదయం ప్రారంభోత్సవం. టేబుల్ మీద మిషన్. అది ఆక్రమించగా మిగిలిన జానెడు చోటులో విజయ పొంగిన ఇడ్లీ పిండి గిన్నె పెట్టింది. "అది తియ్యి" అని నేననలేదు. "మిషన్ తియ్యండి" అని ఆవిడా అనలేదు. కాపురంలో ఇలాంటి సర్దుబాట్లు మామూలే.

"అడ్డబండి ఇప్పుడు సరిగ్గా ఒక్క సెంటీమీటరు కదుల్తాది. సూస్తుండండి" అని ప్రకటించి, మీట నొక్కాను.

ఇప్పుడు లోపల జరిగింది చెబుతాను. ఎన్‌కోడర్ నుంచి వచ్చే రెండు తీగలను నేను ఒకదాని చోట ఒకటి పెట్టాను. అంటే అడ్డబండిని కుడి ఎడమలకు నడిపే మోటారు కుడికి వెళితే కన్ను "ఎడమకి పోతోంది" అని కబురు పంపుతుందన్నమాట. కూర్మన్నపాలెంలో గాజువాకకని ఆటో ఎక్కారనుకోండి. డ్రైవరు అనకాపల్లి వైపు తిప్పాడు. గాజువాక దూరమవుతున్న కొద్దీ మీరు "ఇంకా రాలేదు, స్పీడు పెంచు" అంటున్నారు. వాడు పెంచుతున్నాడు. అదీ సంగతి.

ఒక్క సెంటీమీటరు కదలాల్సిన అడ్డబండి బుల్లెట్టులా దూసుకుపోయింది. చివరనున్న రేకును బద్దలుకొట్టింది. టేబుల్ ఎగిరి పడింది, ఒక కాలు పుటుక్కుమంది. అడ్డబండి వెళ్లి పిండి గిన్నెను ఒక్క గుద్దు గుద్దింది. గిన్నె లేచింది, పిండి అంతకన్నా పైకి లేచి సీలింగ్ ఫ్యానును తాకింది. ఫ్యాను అయిదులో తిరుగుతోంది కాబట్టి, ఆ తర్వాత పంపిణీ చాలా సమానంగా జరిగింది. గోడలకు, టీవీకి, నాకు, విజయకు ఎవరి వాటా వాళ్లకు అందింది. గోడ పక్కన నిలబడ్డ అప్పలరాజు ఒక్కడే శుభ్రంగా ఉన్నాడు. వాడే పరిగెత్తుకెళ్లి ప్లగ్గు పీకాడు.

కింది వాటాలోంచి ఇంటి యజమానురాలు కేక వేసింది. "ఏటమ్మాయ్! భూకంపమేటి?"

విజయ కళ్ల మీది పిండి రెండు వేళ్లతో తుడుచుకుంది. "కాదండీ, మావారు!" అని జవాబిచ్చింది. తర్వాత నా వైపు తిరిగి, "మీరు చేసే మిషన్‌కి ఆపే మీట ఉండాలి. అది ఎర్రగా ఉండాలి. పెద్దగా ఉండాలి. అది లేకుండా మళ్లీ దీనికి కరెంటు ఇస్తే, నేను గుడివాడ వెళ్లిపోతాను, మిమ్మల్ని కూడా తీసుకుపోయి మా తాతయ్య ముందు నిలబెడతాను" అంది.

విజయ వాళ్ల తాతయ్య గురించి మీకు తెలియదు. తెలిస్తే ఆ సాయంత్రానికల్లా ఎర్ర మీటా, లిమిట్ స్విచ్చులూ ఎందుకు అమరిపోయాయో అర్థమవుతుంది.

మీటైతే పెట్టాను గానీ అసలు రోగం అలాగే ఉంది. రెండ్రోజులు తల పట్టుకు కూర్చున్నాను. మూడోరోజు అప్పలరాజు వచ్చి చూసి, "షాపులో మోటారు ఎదురు తిరిగితే మేం రెండు వైర్లు అటుదిటు, ఇటుదటు మార్చీస్తాం బావా. ఓసారి మార్చి సూడీ" అన్నాడు.

మార్చాను. ఏ వైర్లు? మోటారుకి కరెంటు తీసుకొచ్చే వైర్లు. తప్పు ఉన్నది ఎన్‌కోడర్ తీగల్లో కదా, వాటిని ముట్టుకోనే లేదు. అయినా మోటారు మేకపిల్లలా సాధువైపోయింది. ఒక్క సెంటీమీటరంటే ఒక్క సెంటీమీటరే కదిలింది. నేను గాల్లో ఎగిరాను. ఎటువైపు కదిలిందో చూడాలన్న ఆలోచన రాలేదు. ఎగిరేవాడికి కుడి ఎడమలతో పనేముంది?

ఇక పరీక్షలు. పనికిరాని చెక్కముక్క మీద గుండ్రం చెక్కించాను. అద్భుతంగా వచ్చింది. నలుచదరం చెక్కించాను. అద్భుతం. ఐదు కోణాల నక్షత్రం చెక్కించాను. పరమాద్భుతం. ఈ మూడింటి గొప్పతనం ఏమిటంటే, కుడి ఎడమైనా వాటి ఆకారం మారదు. తెలుగు అక్షరాల్లో సున్నా ఒక్కటే అలాంటి మొహమాటస్తురాలు. నేను యాభై ఆరు అక్షరాలూ వదిలేసి, ఏరికోరి సున్నాకే పరీక్ష పెట్టి, నూటికి నూరు మార్కులేసుకున్నాను.

తర్వాతి ఆదివారం మిషన్‌ని ట్రాలీ ఆటోలో వన్ టౌన్ చేర్చాం. నాకేమీ తెలియకుండా జలీల్ భాయ్ దుకాణం కడిగించి, సున్నం వేయించి, చుట్టుపక్కల దుకాణాలవాళ్లందరికీ చెప్పి ఉంచాడు. టీలు వచ్చాయి. ఒకాయన నా మెడలో దండ కూడా వేశాడు. దండ వేసుకున్న మనిషికి సందేహాలు రావు, అది దండల్లో ఉన్న గుణం.

మొదటి గిరాకీ సింహాచలం. రెండు దుకాణాల అవతల కొత్తగా సెలూను పెడుతున్నాడు. మర్నాడు పొద్దున్నే ప్రారంభం. "సింహాచలం సెలూన్" అని బోర్డు కావాలి. జలీల్ భాయ్ లోపలికి వెళ్లి, దుప్పటిలో చుట్టిన పలక ఒకటి తెచ్చాడు. పాతికేళ్ల కిందట ఓ పాత లాంచీ విప్పినప్పుడు దాని తలుపు కొని దాచుకున్నాడట. బర్మా టేకు.

"ఇది దేనికీ వాడలేదు సాబ్. మంచి పని కోసం ఉంచాను" అన్నాడు. ఎడమ చేత్తో దాన్ని నిమిరి, మిషన్ మీద పెట్టాడు.

చెక్క ముక్క మీద ఒకసారి పేరు చెక్కి చూద్దామని షబానా అంది. "అవసరం లేదమ్మా, టెస్టులన్నీ అయిపోనాయి" అన్నాను. మిషన్ కొలతలు మొదలయ్యే చోటుగా పలక నట్టనడుమ గుర్తు పెట్టి, స్టార్టు మీట నొక్కాను. కట్టర్ దిగింది. టేకు వాసన గుప్పుమంది. సన్నటి పొట్టు లేచింది. జనం "అబ్బో" అన్నారు. జలీల్ భాయ్ కళ్లు చెమర్చాయి.

అందరం మిషన్‌కి అవతలి వైపు నిలబడ్డాం. అక్కణ్నుంచి చూస్తే అక్షరాలు తలకిందులుగా కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కంప్యూటర్ దగ్గర, ఇవతలి వైపు ఉన్నది షబానా ఒక్కతే. కాసేపు చూసి మెల్లగా అడిగింది.

"అన్నా, 'సిం' ఎడమ వైపు నుంచి కదా మొదలవ్వాలి? ఇదేంటి కుడి వైపు చెక్కుతోంది?"

ఆ ప్రశ్నకు "నాకు తెలీదు" అనే జవాబు ఉంది. అయిదే అక్షరాలు. దాని బదులు నేను ఆరు అక్షరాల జవాబు వెతుక్కున్నాను.

"అది ఆప్టిమైజేషన్ అమ్మా."

"అంటే?"

"మిషన్ తనకి దగ్గిర దారి తనే సూసుకుంటాది. ఎక్కణ్నుంచి మొదలెట్టినా ఆఖరికి పేరు పేరే అవుద్ది."

"గుడి కూడా అటు తిరిగి ఉన్నట్టుంది. ఆపమంటారా?" ఆ పిల్ల చెయ్యి ఎర్ర మీట మీదికి వెళ్లింది.

"ఆపొద్దు! మధ్యలో ఆపితే పలక పాడైపోద్ది!"

పలక పాడవకూడదని ఆపలేదు చూశారా. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే స్నానాల గదిలో నాకు నేనే ఒక మొట్టికాయ వేసుకుంటాను.

నలభై నిమిషాలకు మిషన్ ఆగింది. బ్రష్షుతో పొట్టు ఊడ్చి, అప్పలరాజూ నేనూ పలకను ఎత్తి, వీధి వైపు తిప్పి, జనానికి చూపించాం. చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయాయి.

ఆటోలు కూడా హారను కొట్టడం మానేసినట్టనిపించింది.

సింహాచలం తల కుడికి వంచాడు. ఎడమకి వంచాడు. "ఏటండిది?" అన్నాడు.

"బోర్డు."

"బోర్డని తెలుత్తాంది. ఏటి రాసుంది?"

"మీ పేరే."

"నా పేరు నానే సదవలేకపోతన్నాను!"

పలక రెండో చివర పట్టుకున్న అప్పలరాజు వంగి చూసి, నా సాయానికి వచ్చాననుకుని, "పలక బర్మాది కదా బావా, రాత కూడా బర్మాదే వొచ్చినట్టుంది" అన్నాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పటికి నాకు విషయం అర్థమైంది. అక్షరాలన్నీ కుడి ఎడమై, మొహం తిప్పుకుని నిలబడ్డాయి. నా చెవుల్లోంచి పొగ రావడం నాకే తెలుస్తోంది. అయినా దండ మెడలోనే ఉంది కదా, నోరు ఊరుకోలేదు.

"అంబులెన్సుల మీద కూడా పేరు ఇలాగే రాత్తారండి."

"నా షాపు అంబులెన్సేటి?" సింహాచలం గొంతు వీధి చివరికి వినిపించింది. "గెడ్డం గీయించుకోడానికొచ్చినోడు సైరనేసుకుని వత్తాడేటి? పొద్దున్నే ఓపెనింగండి! మా అత్తోరు అందరూ వత్తన్నారు! వాళ్లకేటి సెప్పమంటారు?"

"రెండో వైపు చెక్కేద్దాం" అన్నాను. పలక తిప్పి చూస్తే, అటువైపంతా పాత తలుపు బందులకు వేసిన బెజ్జాలు.

నేను దండ తీసి జేబులో కుక్కుకున్నాను. జలీల్ భాయ్ మొహం చూసే ధైర్యం లేదు. తిట్టినా బాగుండును. ఆయన దగ్గరికొచ్చి, చెక్కిన గాడుల మీద ఎడమ చేతి వేళ్లతో నెమ్మదిగా తడిమాడు.

"లోతు బాగుంది. అంచు బాగుంది. నా 'చ' అచ్చం నా 'చ' లాగే వచ్చింది సాబ్. అటు తిరిగి నిలబడింది, అంతే."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. "భాయ్, తప్పు నాది. మోటారు వైర్లలో ఎక్కడో తేడా సేసీసాను. మీ అమ్మాయి ఆపుతానంటే నానే ఆపనియ్యలేదు" అన్నాను. ఆ రోజు నేను మాట్లాడిన మొదటి నిజం అదే.

"సర్లెండి" అని నిట్టూర్చాడు సింహాచలం. కోపిష్టే గానీ మంచివాడు. "ముసిలాయన ఇన్నాళ్లు దాసుకున్న పలక పారేత్తామేటి? లోపలెట్టుకుంటాను. దానిమీద పౌడరు డబ్బాలన్నా పెట్టుకోవొచ్చు."

పౌడరు డబ్బాలు! పాతికేళ్ల టేకు, ఇరవై రోజుల నా సర్వో పాండిత్యం, ఆఖరికి పౌడరు డబ్బాల కింద బల్ల. అప్పలరాజూ నేనూ దాన్ని మోసుకెళ్లి, సెలూనులో వెనక గోడకు ఆనించాం. జలీల్ భాయ్, షబానా మా వెనకే వచ్చారు. కొత్త సెలూను. ముందు గోడ నిండా పెద్ద పెద్ద అద్దాలు. వాటి ముందు ప్లాస్టిక్ కవర్లు కూడా తీయని మూడు కుర్చీలు.

జలీల్ భాయ్ భుజం నొప్పితో ఒక కుర్చీలో కూలబడ్డాడు. అలసటగా కళ్లు మూసుకున్నాడు. తర్వాత తెరిచాడు. ఎదురుగా అద్దంలోకి చూశాడు. చూస్తూ అలాగే ఉండిపోయాడు.

నాకు భయమేసింది. "భాయ్, ఏమైంది? నీళ్లు తెమ్మంటారా?"

ఆయన వెనక్కి తిరగలేదు. అద్దంలోకే చూస్తూ, చిన్నపిల్లాడు కూడబలుక్కున్నట్టు చదివాడు.

"సిం... హా... చలం... సెలూన్."

మేం నలుగురం ఒక్కసారి అద్దం వైపు తిరిగాం. వెనక గోడకు ఆనించిన పలక అద్దంలో నిలబడి ఉంది. ప్రతి అక్షరం తిన్నగా, నిండుగా, జలీల్ భాయ్ చేత్తో చెక్కినట్టే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే బర్మా భాష. అద్దంలో చూస్తే అచ్చ తెలుగు.

"నాకు కనపడనీండి, నాకు కనపడనీండి" అంటూ సింహాచలం రెండో కుర్చీలో కూలబడ్డాడు. అద్దంలో తన మొహం, దాని పక్కనే తన పేరు. నోరు తెరుచుకుని చూశాడు. "ఓర్నాయనో! గెడ్డం గీయించుకున్నంతసేపూ గిరాకీ నా పేరే సదూతాడు! ఇంక నన్ను మర్సిపోతాడేటి?"

షబానా నవ్వడం మొదలుపెట్టింది. జలీల్ భాయ్ నవ్వు అందుకున్నాడు, భుజం నొప్పి పెడుతుంటే పట్టుకుని మరీ నవ్వాడు. నేను కూడా నవ్వాను, కాకపోతే నాది ప్రాణం తిరిగొచ్చినవాడి నవ్వు.

బయట గుమ్మం మీదికి మర్నాటి ప్రారంభానికి ఒక బట్ట బ్యానరు కట్టుకున్నారు. టేకు బోర్డును మాత్రం సింహాచలం వెనక గోడకే మేకులు కొట్టి బిగించాడు. ఆ తర్వాత జరిగింది నేను అస్సలు ఊహించలేదు. క్షవరం అయ్యాక కుర్రకారు అద్దంలో తమను తాము ఫొటో తీసుకోవడం మొదలుపెట్టారు. అద్దంలో తీసిన ఫొటోలో వెనకాల సెలూను పేరు చక్కగా తిన్నగా పడుతోంది. ఆ ఫొటోలు ఫోన్లన్నీ తిరిగాయి. వారం తిరక్కుండానే ఇంకో ముగ్గురు సెలూనువాళ్లు జలీల్ భాయ్ దుకాణం మెట్లెక్కారు. వాళ్ల వెనకాల మామూలు బోర్డుల గిరాకీ కూడా వచ్చింది. కొలతలు తీసుకునే ప్లాస్టిక్ బోర్డులాయన ఒకరోజు వచ్చి, తన ఇంటికి టేకు బోర్డు చెప్పి వెళ్లాడు.

ఈలోగా నేను డ్రైవ్ మూత విప్పి కూర్చున్నాను. ఈసారి వీడియోలు కాదు, డ్రైవుతో పాటు వచ్చిన పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. అందులో మొదటి పేజీలోనే రాసి ఉంది, ఏ తీగ ఎక్కడ పెట్టాలో. తీగలన్నీ మళ్లీ వాటి చోట్లలో పెట్టి, కుడి అంటే కుడికే వెళ్లేట్టు చేసి, షబానాకు జరిగిందంతా దాచకుండా చెప్పాను. ఒకటి తిరగబడిందని రెండోది కూడా తిరగేసి, మోటారును మంచి చేసుకున్నాననుకుని, దిక్కును పోగొట్టుకున్నానని చెప్పాను.

"మరి ఆప్టిమైజేషన్?" అంది అమాయకంగా.

"ఆ మాటకి అర్థం నాకు తెలీదమ్మా."

ఇప్పుడా మిషన్ మొత్తం షబానాయే చూసుకుంటోంది. సర్వోలను సరిచేయడం నాకన్నా బాగా నేర్చుకుంది. ఏదైనా తేడా వస్తే నేనే ఆ పిల్లకు ఫోను చేస్తాను, ఫోను చేయడంలో నా పేరు చెడిపోలేదు. జలీల్ భాయ్ కొత్త అక్షరాలు గీస్తాడు. మిషన్ ఎంత చెక్కినా, మూలలు మాత్రం ఉలి పట్టుకుని తనే తీర్చిదిద్దుతాడు. దుకాణం ఖాళీ చేసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకుంటున్నారేమో, లేదు. తీగలన్నీ సరిచేశాక మొదటి ఆర్డరు గాజువాక సెలూనాయనది. ఈసారి పరువు నిలబెట్టుకోవాలని నేను సెలవు పెట్టి మరీ వచ్చాను. క నుంచి క్ష దాకా ముందు చెక్కముక్కల మీద చెక్కించి చూశాను. షబానా ఏదో చెప్పబోతే, "ఈసారి మాత్రం నన్ను సెయ్యనీ తల్లీ" అని బతిమాలి, బోర్డు దగ్గరుండి చెక్కించాను. ఒక్క పొల్లు కూడా అటూ ఇటూ కాలేదు. సాయంత్రం గాజువాక ఆయన వచ్చాడు. గర్వంగా బట్ట తీసి చూపించాను.

ఆయన మొహం మాడిపోయింది. "ఇదేటండి?"

"మీ బోర్డేనండి. ఈసారి ఒక్క తప్పు కూడా లేదు. సూడండి, ఎంత తిన్నగా ఉందో!"

"తిన్నగా ఉంటే నాకెందుకండి? తిన్నగా ఉన్నది వీధికో బోర్డున్నాది! సింహాచలం కొట్టులో లాగ తిరగేసింది కావాలని కదా ఇంత దూరం వొచ్చింది!"

"అయ్యా, అది... అది పొరపాటున వొచ్చిందండి."

"అయితే అదే పొరపాటు మల్లీ సెయ్యండి!"

వెనకనుంచి షబానా, "అందుకే చెప్పబోయాను అన్నా, తిరగేసి చెక్కాలంటే వైర్లు మార్చక్కర్లేదు. కంప్యూటర్లో ఒక్క బటన్ నొక్కితే చాలు" అంది.

కాబట్టి మహాజనులారా, బంగాళాఖాతం సాక్షిగా, స్టీల్ ప్లాంటు పొగగొట్టాల సాక్షిగా, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని (కుడి చెయ్యేనని రెండుసార్లు సరిచూసుకున్నాను) ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నా జన్మలో, ఏ మోటారుకీ తీగలు తిరగేసి కలపను, ఏ పలక మీదా అక్షరాలు కుడి ఎడమ చేయను. గిరాకీ స్వయంగా వచ్చి, ముందుగా ఆర్డరిస్తే తప్ప.